మూడో ఆదెమ్మ

పోయిన వారం దీవెననూ యేసుదాసునూ ఆళ్ళగడ్డ బస్టాండులో దింపి మన దోవన మనం వచ్చేశాం. అప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్క బ్యాంకు రసీదు. దాని మీద మూడే సంగతులున్నాయి: ఎనభై రెండు వేలు, ఆళ్ళగడ్డ శాఖ, ఆదెమ్మ. ఆ మూడో సంగతి పట్టుకుని ఊరంతా వెతకడానికి వచ్చారు ఆ మొగుడూ పెళ్ళాలు.

వెనకటి భాగాలు చదవనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. నంద్యాలలో వాళ్ళుండే పేటలో చర్చి ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. నెలాఖరుకు డబ్బాలన్నీ చర్చికి వస్తాయి. ఆ బియ్యం అమ్మిన డబ్బు స్త్రీల సమాజానిది. ఏడుగురు తినే ఇంట్లో ఐదుగురికి సరిపడా బియ్యమే ఉన్న రోజున కూడా ఆ పిడికెడు ఆపలేదు వాళ్ళు. తొమ్మిదేళ్ళు అలా కూడబెట్టిన డబ్బుతో పేటకు ఒక పాత ఏడు సీట్ల ఆటో కొందామనుకున్నారు. పేటలో ఎవరికి నొప్పులొచ్చినా ఆసుపత్రికి ఊరికే తీసుకుపోవాలి, మిగతా వేళల్లో కోయిలకుంట్ల రూట్లో తిప్పి నెలనెలా సమాజానికి కట్టాలి. తోలడానికి యేసుదాసు ఒప్పుకున్నాడు. సమాజం డబ్బు చూసే కోశాధికారి అతని భార్య దీవెనే.

రెండు వేల ఎనిమిదిలో నంద్యాలలో ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి వెలిశాయి. అలాంటి ఒక సెంటర్లో, పాత బండ్లు అమ్మే వెబ్‌సైటులో ఆ ఆటో ఫోటో చూశారు. బండి నంబరు ఏపీ 21. మన జిల్లా బండే కదా అని సగం నమ్మకం అక్కడే కుదిరింది. మిగతా సగం ఫోన్లో కుదిరింది. అమ్మేవాడు తన పేరు బ్రదర్ శామ్యూల్ అన్నాడు, ఉండేది హైదరాబాదన్నాడు. చర్చి ఆడవాళ్ళ డబ్బని తెలియగానే రెండు వేలు తగ్గించాడు. "సిస్టర్, ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం" అని ఫోన్లోనే మొదలుపెట్టాడు. దీవెన ఆ సెంటర్లో నిలబడే కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. "పోయేటప్పుడు ముందుండు, వచ్చేటప్పుడు వెనకుండు, మలుపు కాడ మాత్రం పక్కన కూచో ప్రభువా" అన్నాడతను. అలాంటి ప్రార్థన ఆమె ఏ పాస్టరు నోటా వినలేదు. అతను చెప్పిన ఖాతాలో డబ్బు కట్టే ముందు బండి కాగితాలు చూపించమని అడగడానికి ఇక నోరు రాలేదు.

ఇప్పుడు పేటంతా ఆమెను అడిగేది అదే. ఆమె చెప్పే జవాబూ ఒకటే. ఆమేన్ అన్నాక ఆర్‌సీ ఎట్ల అడగాల?

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రాదు. ప్రార్థన చేసిన మనిషిని ఆ వెంటనే కాగితాలడగటం అంటే అతని ముఖాన ఉమ్మినంత పని అని నమ్మిన ఇంట్లో పెరిగిన పిల్ల ఆమె. మోసగాడికి ఆ సంగతి బాగా తెలుసు. తెలియబట్టే కదా ప్రార్థన చేసింది.

ఆటో రాలేదు. బ్రదర్ శామ్యూల్ ఫోను ఆ మర్నాటి నుంచి మోగలేదు. మూడు నెలలయింది. పేటలో ఆడవాళ్ళు పిడికెడు తీయడం మానేశారు. యేసుదాసు, దీవెన కలిసి తినేశారని బోరింగు దగ్గర అనుకోవడం మొదలైంది. సమాజం అధ్యక్షురాలు లీలావతమ్మ ఇంటికొచ్చి, మంచి మాటగానే చెప్పింది. ఆదివారంలోగా సంగతి తేలకపోతే కోశాధికారి పనిలోంచి తీసేయడమే కాదు, ప్రభువు బల్ల దగ్గరికి కూడా రానివ్వరు. అంటే అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు దీవెన వెనక వరుసలో తల వంచుకుని కూర్చోవాలి. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

వాళ్ళు ఆళ్ళగడ్డలో దిగింది గురువారం.

బ్యాంకువాళ్ళు ఖాతా ఉన్న మనిషి చిరునామా చెప్పడానికి ఒప్పుకోలేదు. మొదటి ఆదెమ్మ బజారులో టమాటాలమ్ముతుంది. రసీదు చూపిస్తే, ఎనభై రెండు వేలు తన పేరుతో ఉంటే ఇక్కడెందుకు కూర్చుంటానని అడిగింది. రెండో ఆదెమ్మ పోయి ఏడాదయిందట. మూడో ఆదెమ్మ ఊరి చివర క్రైస్తవుల వీధిలో ఉంటుందని ఒక ఆటో అతను చెప్పాడు. మధ్యాహ్నం మూడయింది. యేసుదాసుకు ఆకలి, దాంతోపాటు కోపం కూడా.

అరుగు మీద ఒక ముసలామె చేట ముందు పెట్టుకుని శనగల్లో రాళ్ళు ఏరుతోంది. పక్కన రెండు గోతాలున్నాయి. షావుకారు సరుకు, కూలికి బాగుచేస్తోంది. వాకిట్లో మనుషుల నీడ పడగానే తలెత్తి, "వందనాలు. ఎవరు మీరు?" అంది.

"వందనాలవ్వా. ఆదెమ్మంటే నువ్వేనా?"

"నేనే. రాండి, కూచోండి. ఎండలో వచ్చినట్లుండారు."

రాగి చెంబుతో నీళ్ళిచ్చింది. దీవెన తాగింది, యేసుదాసు తాగలేదు. రసీదు తీసి, "ఆళ్ళగడ్డ బ్యాంకులో నీకు ఖాతా ఉందా?" అని నేరుగా అడిగాడు.

"బ్యాంకా? నాకు యాడ బ్యాంకు నాయనా. దినమంతా ఏరితే ముప్పై రూపాయలిస్తాడు షావుకారు. బ్యాంకులో ఏం పెట్టుకోవాల, ఈ రాళ్ళా?"

ఆమె అబద్ధమాడటం లేదని దీవెనకు తెలిసిపోయింది. అబద్ధమాడేవాళ్ళు అంత తొందరగా మళ్ళీ శనగల మీదికి చేయి పోనివ్వరు. మూడో ఆదెమ్మ కూడా కాదన్నమాట. ఆదివారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఎవరో తెలియని ముసలామె అరుగు మీద కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏందీ పాపా? ఏమయిందో సెప్పు" అని ఆదెమ్మ చేట పక్కకు జరిపింది.

దీవెన చెప్పింది. పిడికెడు బియ్యం దగ్గర మొదలుపెట్టి బల్ల దాకా అంతా చెప్పింది. ఫోన్లో ప్రార్థన చేశాడని చెప్పింది గానీ ఏమని చేశాడో చెప్పలేదు. దాన్ని తన నోటితో పలకడం మూడు నెలలుగా ఆమెకు చేతకావడం లేదు.

"పిడికెడు బియ్యం దుడ్లా?" అంది ఆదెమ్మ.

"అవునవ్వా."

"నేనూ తీస్తా. ఇయ్యాల పొద్దున కూడా తీసినా." ఆమె గుమ్మం లోపలున్న డబ్బా చూపించింది. "ఆడోళ్ళు నోరు కట్టుకుని తీసింది తిన్నోడు బాగుపడడు. నాకు సదువు రాదు, సట్టం తెలీదు. ప్రార్థన సేస్తా, అది తీసుకుని పోండి."

యేసుదాసుకు ప్రార్థన మాట వింటేనే ఒళ్ళు మండుతోంది ఈ మధ్య. "బస్సుకు టైమయిందవ్వా" అన్నాడు. దీవెన అతని చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆదెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. మొదట ఆ డబ్బు తిన్నవాడి మనసు తిప్పమంది. వాడు ఏ తల్లి బిడ్డో, ఆ తల్లికి ఈ సంగతి తెలియకముందే వాడి చేత ఇప్పించమంది. తర్వాత ఈ పిల్లలిద్దరూ చాలా దూరం పోవాలంది.

"పోయేటప్పుడు ముందుండు, వచ్చేటప్పుడు వెనకుండు, మలుపు కాడ మాత్రం పక్కన కూచో ప్రభువా. ఆమేన్."

దీవెన కళ్ళు తెరిచింది. ఆమేన్ అనడం మర్చిపోయింది. మొగుడి వైపు చూసింది. అతనికేమీ అర్థం కాలేదు, అతను ఆ ఫోను వినలేదు కదా.

"అవ్వా, ఆ మాట నీకు ఎవరు నేర్పినారు?"

"ఏ మాట?"

"మలుపు కాడ మాట."

ముసలామె ముఖంలో చిన్న సంతోషం కనిపించింది. "అదా. మా ఆయనది. రాజరత్నం. గిద్దలూరు ఘాటులో ముప్పై ఏండ్లు లారీ తోలినాడు. సదువుకోలేదు, పాటలు రావు, బైబులు సదవలేడు. ఆ ఒక్క ముక్క సొంతంగా కట్టుకున్యాడు. బండి ఎక్కే ముందు బానెట్టు మింద చెయ్యి పెట్టి అనేటోడు. ఎప్పుడూ యాడా గుద్దలేదు. మంచంలోనే పోయినాడు."

"ఇంకెవరంటారు ఆ మాట?"

"ఎవరంటారు? నేనంటా. మా అభిషేక్ అంటాడు. మా కొడుకు. వానికి నాయనంటే పానం."

ఇన్నాళ్ళూ ఆ దొంగ దొరికితే ఏమేం అనాలో రాత్రుళ్ళు పడుకుని వరసగా అనుకునేది. ఇప్పుడు దొరికాడు. దొరికినచోట ఈ ముసలామె ఉంది, ఇప్పుడే తన కోసం ప్రార్థన చేసింది, ఇంకా ముఖంలో ఆ సంతోషం పోలేదు. లేచి వెళ్ళిపోదామా అనిపించింది ఆమెకు. మూడో ఆదెమ్మ కూడా కాదు అని లీలావతమ్మకు చెప్పేసి వెనక వరుసలో కూర్చుంటే సరిపోతుంది. కానీ బియ్యం తనది కాదు. తన ఒక్కదానిదే అయితే బహుశా వదిలేసేదేమో, నాకూ అలాగే అనిపిస్తుంది.

"మీ కొడుకేం పని చేస్తాడవ్వా?" అని అడిగింది.

"కంప్యూటరు పని. ఈడ ఉండడు, నంద్యాలలో రూము తీసుకున్యాడు. బండ్ల బేరాలేవో కంప్యూటర్లోనే సేస్తాడంట."

యేసుదాసుకు అప్పుడు అర్థమయింది. చివాల్న లేచాడు. "నీ కొడుకే మా దుడ్లు తినింది" అన్నాడు.

"నువ్వు గమ్మునుండు" అంది దీవెన.

"ఏం గమ్మునుండాల? మూడు నెలల నుంచి నేను పేటలో తలెత్తుకోల్యా. బాడుగ ఆటో ఇచ్చే ఆయన కూడా తాళాలియ్యల్యా, దొంగోనివని."

ఆదెమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోప్పడలేదు. "తప్పు నాయనా. ఎవరి బిడ్డ మీదా అట్ల అనగూడదు" అని మాత్రం అంది. అప్పుడు దీవెన ఆమెకు దగ్గరగా జరిగి, ఫోన్లో విన్న ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా పలికింది. మూడు నెలల తర్వాత మొదటిసారి పలికింది. ఒక్క మాట కూడా తేడా లేదు.

ఆదెమ్మ శనగల వైపు చూస్తూ కూర్చుంది. "మీరు దుడ్లు కట్టింది ఎప్పుడు?" అని అడిగింది.

"మార్చి పది."

"ఈస్టరుకు ముందు?"

"ముందే."

"నా బొటనవేలు పెట్టించినాడు" అంది ముసలామె. అది వాళ్ళతో చెప్పినట్లు లేదు. "సర్కారు ఇంటికిచ్చే బిల్లు వస్తాదమ్మా అని పిల్చుకపోయినాడు. అంతకుముందొక తూరి ఫోటో తీయించి వేలు పెట్టించినాడు. ఈస్టరుకు ముందు ఇంగో తూరి. హౌసింగు ఆఫీసు అన్యాడు. గాజు కిటికీ ఎనకాల ఒకామె కూచోనుండాది. వాకిట్లో తుపాకి పట్టుకున్న ముసిలాయన."

"హౌసింగు ఆఫీసులో తుపాకెందుకుంటుందవ్వా?" అన్నాడు యేసుదాసు. ఈసారి అతని గొంతులో కోపం లేదు.

"ఇండ్లకు దుడ్లిస్తారు కదా, కావలి ఉంటారనుకున్యా." ఆమె తన కుడి బొటనవేలు చూసుకుంది. "ఆ పొద్దు ఓటల్లో పూరీ తినిపించినాడు నాకు. నేనే తీసిచ్చినానా మీ బియ్యం దుడ్లు? ఈ వేలితోనేనా?"

ఆదెమ్మ లేచి లోపలికి పోయింది. ఒక చిన్న సెల్‌ఫోను తెచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది. అంకెలు తెలియవు కాబట్టి కొడుకు దానికి ఒక ఏర్పాటు చేసి పెట్టాడు. రెండో మీట గట్టిగా నొక్కిపడితే వాడు పలుకుతాడు. ఫోన్లో ఆమెకు సరిగా వినపడదని శబ్దం కూడా బాగా పెంచి పెట్టాడు. ఆ శబ్దం అరుగంతా వినిపిస్తుందని వాడు ఆలోచించి ఉండడు. ఆ ఏర్పాటు ప్రేమతోనే చేశాడు, అందులో అనుమానం లేదు. మనుషులు ఒక్క రంగులో ఉంటే నాకు కథ రాయడం ఎంత తేలికయ్యేదో.

"నేనే మాట్లాడతా. మీరు నోరెత్తొద్దండి. మీరు సెప్పింది నిజమైతే నా సెవులతోనే ఇనాల" అంది ఆదెమ్మ, మీట నొక్కింది.

"అమ్మా, తిన్యావా?" అని వినిపించింది. వెనక ఏదో రోడ్డు చప్పుడు.

హైదరాబాదు బ్రదర్ శామ్యూల్ అప్పుడు శుభ్రమైన తెలుగు మాట్లాడాడు, ఇతనిది ఈ ఊరి మాట. అయినా గొంతు గొంతే. దీవెన తల ఊపింది.

"తిన్యా నాయనా. పానం బాగలేదు. రోంత ప్రార్థన సేయి."

"ఇప్పుడా? పనిలో ఉండానమ్మా."

"ఇప్పుడే సేయి."

అతను చేశాడు. కొడుకు తల్లి కోసం చేసే ప్రార్థనే అది, వంక పెట్టడానికేమీ లేదు. ఆమె మోకాళ్ళ నొప్పుల కోసం అడిగాడు, నిద్ర కోసం అడిగాడు. చివరికి వచ్చేసరికి గొంతు మారింది, మాట స్పష్టంగా, సాగదీసి, అచ్చం ఇంటర్నెట్ సెంటర్లో దీవెన విన్నట్లే వచ్చింది. పోయేటప్పుడు ముందుండు. వచ్చేటప్పుడు వెనకుండు. యేసుదాసు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆమేన్" అన్నాడు అభిషేక్. కొంచెం ఆగాడు. "అమ్మా, ఆమేన్ అనలేదేందీ?"

"అబ్బీ, నంద్యాల ఆడోళ్ళ ఆటో యాడ?"

ఫోన్లో రోడ్డు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఏ ఆటో అని అతను అడగలేదు. ఏ ఆడవాళ్ళు అని కూడా అడగలేదు.

"నీకెవరు సెప్పినారు?" అన్నాడు.

ఆదెమ్మ కళ్ళు మూసుకుంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమెకు అంతా అయిపోయింది. "ఎవరు సెప్తే ఏం నాయనా. అది పిడికెడు బియ్యం దుడ్లు. నేను తీసే బియ్యం లాంటిదే. యాడ పెట్టినావో సెప్పు, ఇచ్చేద్దాం. ఈ ఇల్లమ్ముదాం."

"ఆడ ఎవరుండారమ్మా?"

"ఉండారు."

ఈసారి అతను మాట్లాడేసరికి కొడుకు గొంతు లేదు, ఊరి యాసా లేదు. దీవెనకు తెలిసిన ఆ శుభ్రమైన తెలుగులోనే మాట్లాడాడు. "సిస్టర్, వింటున్నారు కదా. కేసు పెట్టుకోండి, నేనేమీ వద్దనడం లేదు. శామ్యూల్ అనేవాడు ఎక్కడా లేడు. అభిషేక్ పేరు ఏ కాగితంలోనూ లేదు. ఖాతా మా అమ్మది, ఫోటో మా అమ్మది, వేలిముద్ర మా అమ్మది. పోలీసులు తీసుకుపోయేది ఆమెనే. అరవై నాలుగేళ్ళ మనిషిని లోపల వేయిస్తామంటే మీ ఇష్టం. మీరు దేవుని బిడ్డలు, ఆలోచించుకోండి."

ఫోను ఆగిపోయింది.

యేసుదాసు అరుగు దిగి వీధిలోకి పోయి, మళ్ళీ తిరిగి వచ్చి నిలబడ్డాడు. అభిషేక్ చెప్పింది నిజమేనని ముగ్గురికీ తెలుసు. దీవెన లేచింది. "పోదాం పద" అంది మొగుడితో. "అవ్వా, మేం వేరే ఏదన్నా చూసుకుంటాం."

"ఏం సూసుకుంటారు?"

దీవెన చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"పోలీసోళ్ళ కాడికి పోయినారా మీరు?"

"పోయినాం" అన్నాడు యేసుదాసు. "డబ్బు ఎవరి ఖాతాలో పడిందో వాళ్ళ పేరూ ఊరూ కనుక్కుని, కాగితంలో రాసి తెమ్మన్నారు. తెస్తే కేసు కడతారంట."

"కాగితముందా?"

అతను చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. అంతా దీవెన చేతిరాత. డబ్బు తీసుకున్నవారి పేరు అన్నచోట మాత్రం ఖాళీగా ఉంది. ఆదెమ్మ ఆ కాగితం తీసుకుని, తనకు రాని అక్షరాల మీద వేలు పెట్టి, ఖాళీ దగ్గర ఆపింది. "ఈడేనా రాయాల్సింది?"

"అవునవ్వా. కానీ మేం రాయం" అంది దీవెన.

"వాడు పందెం కట్టింది దాని మిందనే పాపా. మీరు రాయరని." ముసలామె కాగితం దీవెనకు తిరిగిచ్చింది. "నన్ను సూపిచ్చి దాక్కున్యాడు. మీరు ఇయ్యాల ఊరికే పోతే రేపు ఇంగొకరి కాడ మా ఆయన ప్రార్థన సేస్తాడు. మళ్ళా నాకు పూరీ తినిపిస్తాడు. నేను మళ్ళా వేలు పెడతా. రాయి. దుడ్లు తీసింది నేనే, అబద్ధం కాదు కదా. నన్నడిగితే వాని పేరు నేను సెప్తా. పోలీసోళ్ళ ముందర నా కొడుకు పేరు నా నోటితోనే రావాల, మీ నోటితో కాదు."

"నిన్ను పెట్టుకుంటారవ్వా స్టేషన్లో. నువ్వు చెప్పినా నమ్మకపోతే?"

"నమ్మకపోతే ఉంటా."

దీవెన ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆదివారం గుర్తొచ్చింది, బల్ల గుర్తొచ్చింది. పేటలో నలభై ఇళ్ళలో ఖాళీగా ఉన్న డబ్బాలు గుర్తొచ్చాయి. ఈ పేరు రాస్తే తన పేరు నిలుస్తుంది. దానికి పణంగా పెట్టాల్సిన మనిషి ఇదిగో ఎదురుగా కూర్చుంది, చేతికి ఇంకా శనగల పొట్టు అంటుకుని ఉంది. ఆమెకు ఏడుపు రాలేదు. యేసుదాసు పెన్ను తీసి చేతికిచ్చాడు. ఇస్తున్నప్పుడు అతను ఆమె కళ్ళలోకి చూడలేదు.

దీవెన పెన్ను మూత తీసింది. కాగితం తొడ మీద పరుచుకుంది.

"మీ ఇంటి పేరేందవ్వా?" అని అడిగింది.